కత్తి ఒక చేత, మంత్రం ఒక చేత

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడటానికి కూర్చున్నవాళ్ళు ముందుగా ఒక కాగితం నింపుతారు. ఆరు గుణాల అంకెలు, పాత్ర ఏ జాతిది, దాని క్లాస్ ఏమిటి. ఆ తర్వాత ఆటంతా మాటల మీదా పాచికల మీదా నడుస్తుంది. కథ నడిపే డంజన్ మాస్టర్ గుహ ఎలా ఉందో చెబుతాడు, ఆటగాళ్ళు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు, తేలని సంగతి పాచిక తేలుస్తుంది. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి, మూడు పలచటి పుస్తకాలున్న పెట్టెగా ఈ ఆట బయటికొచ్చింది. రాసినవాళ్ళు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. అప్పటినుంచి నియమాలను ఎన్నోసార్లు తిరగరాశారు. ఆటగాళ్ళ కోరిక మాత్రం మారలేదు: నా పాత్ర కత్తీ తిప్పాలి, మంత్రమూ వేయాలి.

పాత ఎడిషన్లు బిగుతు, కొత్తవి వదులు అని ఈ ఆట తెలిసినవాళ్ళు తేలిగ్గా అనేస్తుంటారు. పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఆ మాట నిలవదు. ఒక క్లాస్ నుంచి మరోదానిలోకి వెళ్ళే దారి మొదటి పెట్టెలోనే ఉంది. ఆ దారికి కట్టాల్సిన ఖరీదే ప్రతిసారీ చేతులు మారింది. ఎవరు కట్టాలి, ముందే కట్టాలా తర్వాతా, దేనితో కట్టాలి అన్నదగ్గరే ఎడిషన్లు విడిపోయాయి. ఒక్కో మాటా తీసుకుని ఆ లెక్క విప్పి చూద్దాం.

క్లాస్

మొదటి పెట్టెలో క్లాసులు మూడు: ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, క్లెరిక్. కత్తి పట్టేవాడు, మంత్రం వేసేవాడు, దేవుడి పేరుతో గాయాలు మాన్పేవాడు. మొదటి ఇద్దరూ ‘చైన్‌మెయిల్’ అనే 1971 నాటి బొమ్మసైన్యాల యుద్ధక్రీడ నుంచి వచ్చారు. మూడోవాడి పుట్టుక తమాషాగా ఉంటుంది. ఆర్నెసన్ నడిపిన బ్లాక్‌మూర్ ఆటలో సర్ ఫాంగ్ అనే రక్తపిశాచి పాత్రను ఎవరూ నిలవరించలేకపోయారు. దానికి విరుగుడుగా పిశాచాలను తరిమే పూజారిని పుట్టించారు. ఈ ఆటలో క్లాస్ అనేది మొదటినుంచీ ఆ పూట అవసరానికి చేసిన ఏర్పాటు.

1975లో ‘గ్రేహాక్’ అనుబంధం దొంగ క్లాస్‌ను తెచ్చింది. తాళాలు విప్పడం, చప్పుడు లేకుండా నడవడం, నీడలో దాక్కోవడం వాడి పనులు. అంతకుముందు ఆ పనులు ఎవరైనా చేస్తామని అడగొచ్చు, సరేననాలో వద్దనాలో డంజన్ మాస్టర్ చూసుకునేవాడు. దొంగకు శాతాల పట్టిక ఒకటి ఇచ్చేసరికి మిగతావాళ్ళ చేతిలోంచి ఆ పనులు జారిపోయాయి. కొత్త క్లాస్ చేరితే ఎంపిక పెరుగుతుందని అనుకుంటాం. చేరిన ప్రతి క్లాస్ మిగిలినవాళ్ళ చేతుల్లోంచి ఏదో ఒకటి లాక్కుంటుంది కూడా. అందుకే 1978లో వచ్చిన ‘రూన్‌క్వెస్ట్’ అసలు క్లాసులే వద్దంది, ప్రతి పాత్రా ప్రతి నైపుణ్యమూ నేర్చుకోవచ్చంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఎన్నడూ అంత దూరం పోలేదు. క్లాస్ అంటే బల్ల దగ్గర ఎవరి వంతు ఏమిటో ఒక్క మాటలో చెప్పే పద్ధతి. ఆ సౌకర్యం వదులుకోవడం కష్టమే.

ఎల్ఫ్

కత్తీ మంత్రమూ రెండూ కావాలన్నవాడికి 1974 ఇచ్చిన జవాబు ఎల్ఫ్ జాతి. ఎల్ఫ్ ఒక సాహసయాత్రకు యోధుడిగా వెళ్ళొచ్చు, తర్వాతి యాత్రకు మాంత్రికుడిగా మారొచ్చు. యాత్ర మధ్యలో మాత్రం మారకూడదు. ఇంతకన్నా వదులైన నియమం ఆ తర్వాతి యాభై ఏళ్ళలోనూ తక్కువే. ఖరీదు పైకప్పు రూపంలో వచ్చింది: ఎల్ఫ్ యోధుడిగా 4వ లెవెల్, మాంత్రికుడిగా 8వ లెవెల్ దాటడానికి వీల్లేదు. మనిషికి అలాంటి కప్పు లేదు. అంటే ఎల్ఫ్ ఆటగాడు ఆట మొదట్లో ఏమీ కట్టడు, బాకీ ఏడాదో రెండేళ్ళో గడిచాక వసూలవుతుంది. ఈలోగా ఆట ఆగిపోతే బాకీ మాఫీ. చాలా ఆటలు అలాగే ఆగిపోతాయి.

1981లో టామ్ మోల్డ్‌వే కూర్చిన బేసిక్ పుస్తకం ఇదే కోరికకు మరో ధర పెట్టింది. అందులో ఎల్ఫ్ అంటే జాతీ అదే, క్లాసూ అదే. కవచం తొడుక్కుని మంత్రం వేయొచ్చు, రోజూ, ఒకేసారి. కాకపోతే 2వ లెవెల్‌కు ఎక్కాలంటే అనుభవపు పాయింట్లు, అంటే ఎక్స్‌పీ, 4,000 కావాలి. అదే మెట్టు యోధుడికి 2,000కు, దొంగకు 1,200కే దక్కుతుంది. పక్కవాళ్ళు ఎక్కేస్తుంటే ఎల్ఫ్ కిందే కూర్చుంటాడు. నా మటుకు ఈ ఆట పెట్టిన ధరలన్నిటిలోకీ నిజాయతీ అయినది ఇదే. మొదటి రోజే కాగితం మీద కనిపిస్తుంది.

మనుషులకు కూడా మొదటి పెట్టెలో దారి లేకపోలేదు. క్లాస్ మారడం మంచిది కాదంటూనే, మారదలచుకున్న క్లాస్‌కు ముఖ్యమైన గుణం 16 గానీ అంతకుమించి గానీ ఉంటే మారవచ్చని పుస్తకం ఒప్పుకుంది. మాంత్రికుడు పూజారి కావడం, పూజారి మాంత్రికుడు కావడం మాత్రం కుదరదు. ఆ గీత ఎందుకు గీశారో వివరించలేదు.

అర్హత

కొన్ని క్లాసుల్లోకి అడుగుపెట్టడానికే పాచిక ఒప్పుకోవాలి. 1989 నాటి రెండో ఎడిషన్‌లో పాలడిన్ అనే ధర్మయోధుడు కావాలంటే కరిజ్మా అనే గుణం 17 ఉండాలి. ఆ పుస్తకంలో గుణాలు తేల్చే మొదటి పద్ధతి మూడు పాచికలు వేసి కూడటం. మూడు పాచికలు 216 రకాలుగా పడతాయి. అందులో 17 మూడు రకాలుగా, 18 ఒకే రకంగా వస్తాయి. అంటే 54 మందిలో ఒకరికి. స్ట్రెంత్, కాన్‌స్టిట్యూషన్, విజ్డమ్‌లకు పెట్టిన హద్దులు ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. ఇది ఎంపిక కానే కాదు, లాటరీ. బల్ల దగ్గర పాలడిన్లు అంతకన్నా ఎక్కువే కనిపించేవాళ్ళని విన్నవాళ్ళు పాచికల మీద అనుమానపడితే తప్పు పట్టలేం.

మల్టీక్లాస్

1978లో గైగాక్స్ రాసిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ మనుషులకూ మిగతా జాతులకూ చెరో దారి వేసింది. ఎల్ఫ్, హాఫ్ ఎల్ఫ్, డ్వార్ఫ్ వంటివాళ్ళు మొదటి రోజునుంచే రెండు మూడు క్లాసులు కలిపి పట్టుకోవచ్చు. వచ్చిన ఎక్స్‌పీని వాటి మధ్య సమంగా పంచాలి.

సగానికి సగం పంచడమంటే సగం బలహీనపడటమని ఎవరికైనా అనిపిస్తుంది. రెండో ఎడిషన్ పట్టిక తెరిచి లెక్క చూడండి. యోధుడికి 2వ లెవెల్ 2,000 పాయింట్లకు, ఆ తర్వాత 4,000, 8,000, 16,000, 32,000, 64,000కు ఒక్కో లెవెల్. ఆ పైది 1,25,000. మాంత్రికుడి వరుస 2,500, 5,000, 10,000, 20,000, 40,000, 60,000, తర్వాత 90,000. ఇప్పుడు ముగ్గురికి తలా 80,000 ఎక్స్‌పీ ఇద్దాం. ఉత్త యోధుడు 7వ లెవెల్లో ఉంటాడు. ఉత్త మాంత్రికుడూ 7లోనే. రెండూ కలిపిన ఎల్ఫ్ చెరో 40,000 వేసుకుని యోధుడిగా 6, మాంత్రికుడిగా 6. పోగొట్టుకున్నది ఒక్క లెవెల్! మెట్టు మెట్టుకూ ధర దాదాపు రెట్టింపవుతున్నప్పుడు సగం డబ్బుతో ఒక్క మెట్టు తక్కువ దాకా ఎక్కొచ్చు. ఈ సంగతి తెలిసిన ఆటగాడు ఎల్ఫ్‌ను కాదని మనిషిని ఎందుకు ఎంచుకుంటాడు?

ఎంచుకోవడానికి గైగాక్స్ పెట్టుకున్న తాళం పైకప్పే. ఆయన ఊహించిన లోకంలో రాజ్యాలు మనుషులవి. అందుకే మిగతా జాతులకు లెవెల్ హద్దులు పెట్టాడు. రెండో ఎడిషన్‌లో ఎల్ఫ్ యోధుడిగా 12, మాంత్రికుడిగా 15 దాటలేడు. హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం, రెండు క్లాసుల సగటుగా వస్తాయి. మంత్రం వేయాలంటే ఎల్వెన్ చైన్ తప్ప మరే కవచమూ తొడగకూడదు. కానీ 12వ లెవెల్ దాకా నడిచిన ఆటలు ఎన్ని? అది చేరని బల్లల దగ్గర మల్టీక్లాస్ ఎల్ఫ్‌కు చౌకలో చాలా దక్కింది.

డ్యూయల్ క్లాస్

మనిషికి ఇచ్చిన దారి ఇది. నాకు ఈ ఆట మొత్తంలో అత్యంత ఇష్టమైన నియమం, అత్యంత క్రూరమైనది కూడా. ఉన్న క్లాస్‌ను వదిలేసి కొత్తదానిలో 1వ లెవెల్ నుంచి మొదలుపెట్టాలి. పాతదాని ముఖ్యగుణం 15, కొత్తదాని ముఖ్యగుణం 17 ఉండాలి. పాతదానిలోకి మళ్ళీ తిరిగి వెళ్ళి లెవెళ్ళు పెంచుకోవడం ఉండదు.

దగ్గరగా చూద్దాం. ఒక యోధుడు రెండో ఎడిషన్ నియమాల్లో 32,000 ఎక్స్‌పీతో 6వ లెవెల్ చేరాడు. ఇప్పుడు మాంత్రికుడు కావాలనుకున్నాడు. మర్నాడు పొద్దున వాడి చేతిలో ఉన్నది 1వ లెవెల్ మంత్రం ఒక్కటి, అది రోజుకు ఒక్కసారి. ప్రాణబలం మాత్రం పాత యోధుడిదే, అది పోదు. పక్కనున్నవాళ్ళంతా 6, 7 లెవెళ్ళవాళ్ళు, వాళ్ళకు తగ్గ రాక్షసులే ఎదురొస్తారు. ఓగర్ గద ఎత్తింది. నడుముకు కత్తి ఉంది, దాన్ని ఎలా తిప్పాలో వాడు మరిచిపోలేదు. తిప్పాడంటే ఆ పోరాటానికి ఎక్స్‌పీ సున్నా, ఆ సాహసయాత్ర మొత్తానికి వచ్చేది సగమే. తిప్పకపోతే ప్రాణం పోవచ్చు. కొత్త క్లాస్‌లో 7వ లెవెల్ చేరేదాకా, అంటే ఇంకో 60,000 ఎక్స్‌పీ సంపాదించేదాకా, ప్రతి తలుపు దగ్గరా ఇదే మీమాంస. ఆ రోజు వచ్చాక రెండు క్లాసులూ వాడివే, పైకప్పు లేకుండా.

ఎల్ఫ్ బాకీ చివర్లో తీర్చాలి, మనిషి మధ్యలో తీర్చాలి. ఈ తేడా వల్ల ఆట నడిచే తీరే మారింది. డ్యూయల్ క్లాస్ పాత్ర గురించి చెప్పుకునే కథలన్నీ ఆ మధ్యకాలం గురించే. కత్తి ఒరలోంచి తీసిన రోజు, తీయక దెబ్బలు తిన్న రోజు. నియమం ఖరీదు వసూలు చేస్తూనే కథ ఇచ్చింది. కంప్యూటర్ దగ్గర మాత్రం ఈ కష్టం చాలావరకు కరిగిపోయింది. 2000లో వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 2’ రెండో ఎడిషన్ నియమాల మీద నడిచింది. అందులో కెన్సాయ్ అనే ఖడ్గవీరుడిని పెంచి మేజ్‌గా, అంటే మాంత్రికుడిగా, మార్చడం ఆటగాళ్ళకు ఇష్టమైన ఉపాయం. తోడుగా ఉన్న ఐదుగురు పోరాడుతుంటే కొత్త మేజ్ వెనక నిలబడి ఎక్స్‌పీ పోగేసుకోవచ్చు. బల్ల దగ్గర అలా చేస్తే మిగతా ఐదుగురూ ఊరుకోరు.

బార్డ్

1978 పుస్తకం చివర అనుబంధంలో ఉంది ఈ గాయకుడి క్లాస్. ముందు యోధుడిగా కనీసం 5వ లెవెల్ చేరాలి. తర్వాత దొంగగా మారి అక్కడా కనీసం 5. అప్పుడు డ్రూయిడ్ల దగ్గర శిష్యరికంతో బార్డ్ అవుతాడు. పాట పాడటానికి ముందు ఇన్నాళ్ళు కత్తిసామూ కన్నమూ ఎందుకని నవ్వొస్తుంది గానీ, తర్వాతి కాలపు ప్రెస్టీజ్ క్లాస్ ఇక్కడే పుట్టింది.

కిట్

రెండో ఎడిషన్ కాలంలో ‘కంప్లీట్ ఫైటర్స్ హ్యాండ్‌బుక్’ లాంటి పుస్తకాలు తెచ్చిన వేషాలు. క్లాస్ మారదు. దానికి సముద్రపు దొంగ, గ్లాడియేటర్ వంటి పేరొకటి తగిలించి, చిన్న లాభం, చిన్న నష్టం జోడిస్తారు. లాభం అంకెల్లో ఉండేది, నష్టం చాలాసార్లు జనం నీతో మర్యాదగా ఉండరు అన్న మాటల్లో ఉండేది. అంకె మరిచిపోయే ఆటగాడు లేడు, మాట గుర్తుపెట్టుకునే డంజన్ మాస్టర్ తక్కువ. 1995లో ‘స్కిల్స్ అండ్ పవర్స్’ ఇంకో అడుగు వేసి క్లాస్‌నే పాయింట్లతో ముక్కముక్కగా కొనుక్కోమంది. ఎక్కువమంది దాని దాకా వెళ్ళలేదు.

లెవెల్

1997లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ పాత ప్రచురణకర్త టీఎస్ఆర్‌ను కొనేసింది. 2000లో జొనాథన్ ట్వీట్, మాంటీ కుక్, స్కిప్ విలియమ్స్ మూడో ఎడిషన్ తెచ్చారు. పైకప్పులు పోయాయి. ఏ జాతివారైనా ఏ క్లాసైనా పట్టొచ్చు. డ్వార్ఫ్ మాంత్రికుడు కావచ్చు, 1974లో అది ఊహకందని మాట. అందరికీ ఒకే ఎక్స్‌పీ పట్టిక. క్లాసులు పదకొండు. అన్నిటికన్నా పెద్ద మార్పు: లెవెల్ అనేది క్లాస్ నుంచి విడిపోయి చిల్లర నాణెం అయింది. కొత్త లెవెల్ వచ్చిన ప్రతిసారీ దాన్ని ఏ క్లాస్ మీద ఖర్చుపెట్టాలో ఆటగాడి ఇష్టం.

ఈ స్వేచ్ఛ ఎంత అందంగా ఉంటుందో వివరించనక్కర్లేదు. పాత్ర జీవితం ఎటు పోతే కాగితం అటు పోతుంది. దొంగ మారుమనసు పొంది పూజారి కావచ్చు, అందుకు ఏ అంకె అనుమతీ అక్కర్లేదు.

ఇప్పుడు పాత లెక్కను ఇక్కడ వేద్దాం. కత్తీ మంత్రమూ కోరినవాడు ఆరు లెవెళ్ళు యోధుడి మీద, ఆరు మాంత్రికుడి మీద పెట్టాడు. మొత్తం 12వ లెవెల్, 66,000 ఎక్స్‌పీ. రెండో ఎడిషన్ ఎల్ఫ్ కూడా 6, 6 దగ్గరే ఉన్నాడు గుర్తుందా? వాడి పక్కన కూర్చున్నది 7వ లెవెల్ మాంత్రికుడు. వీడి పక్కన కూర్చున్నది 12వ లెవెల్ మాంత్రికుడు. ఇతను ఆరో తరగతి మంత్రం డిసింటిగ్రేట్‌తో ఎదుటివాణ్ణి బూడిద చేస్తుంటే, మనవాడు మూడో తరగతి ఫైర్‌బాల్ దగ్గరే ఆగాడు. కత్తి సంగతీ అంతే. దెబ్బ తగలడానికి పాచికకు కలిపే బేస్ అటాక్ ఉత్త యోధుడికి +12, వీడిది యోధుడి +6కు మాంత్రికుడి +3 కలిపి +9. మెట్ల ధర రెట్టింపవడం మానేసి నిదానంగా పెరిగేలా చేయగానే సగం సగం పంచుకున్నవాడు నిజంగానే సగమయ్యాడు. నియమం తలుపులన్నీ తెరిచింది, పట్టిక ఆ తలుపుల అవతల గొయ్యి తీసింది. రెండో ఎడిషన్ ఎల్ఫ్‌కు కాగితం మీద అడ్డంకులు ఎక్కువ, చేతికి దక్కింది ఎక్కువ. 2000 నాటి యోధమాంత్రికుడికి అడ్డంకే లేదు, దక్కిందీ లేదు.

డిప్

గొయ్యి కనిపెట్టిన ఆటగాళ్ళు ఊరుకుంటారా? సగం సగం నష్టమైతే, ఒక్కొక్క లెవెల్ మాత్రం ముంచుకుని వస్తామన్నారు. అదే డిప్. కర్రీ పాయింట్‌కు వెళ్ళి నాలుగు కూరలు ఒక్కో ప్యాకెట్ కట్టించుకున్నట్టు. క్లాస్‌లో మంచివన్నీ మొదటి లెవెల్లోనే పెడితే ఇది తప్పదు. 2000 నాటి రేంజర్ మొదటి లెవెల్లోనే తేలికపాటి కవచంలో రెండు కత్తులతో పోరాడే నేర్పు ఇచ్చేది. అడవి ముఖం చూడనివాళ్ళు కూడా ఒక లెవెల్ రేంజర్లయ్యారు. 2003లో వచ్చిన 3.5 సవరణ దాన్ని రెండో లెవెల్‌కు జరిపింది.

ఇంకో చోట కన్నం కనిపించలేదు గానీ అది పెద్దది. విషం, వ్యాధి తట్టుకునే ఫోర్టిట్యూడ్ సేవ్ యోధుడికి మొదటి లెవెల్లో +2, నాలుగో లెవెల్‌కు +4. బార్బేరియన్‌కూ రేంజర్‌కూ క్లెరిక్‌కూ మొదటి లెవెల్లో +2నే. ఈ నాలుగూ ఒక్కో లెవెల్ పట్టినవాడికి అన్నీ కలిసి +8! అదే నాలుగో లెవెల్లో ఉన్న అసలు యోధుడికి అందులో సగం. నిజంగా అన్ని విద్యలూ ఇలా అరకొరగా నేర్చినవాడు విషం తాగి బతుకుతాడా అన్నది వేరే సంగతి.

దీన్ని అడ్డుకోవడానికి జరిమానా ఒకటి పెట్టారు: జాతికి ఇష్టమైన క్లాస్ కాకుండా మిగతా క్లాసుల మధ్య ఒక లెవెల్‌కు మించి తేడా ఉంటే ఎక్స్‌పీలో 20 శాతం కోత. ఈ వల ఎవరిని పట్టిందో చూడండి. నాలుగు క్లాసులు తలా ఒక లెవెల్ పట్టినవాడికి తేడా సున్నా, జరిమానా లేదు. నాలుగు లెవెళ్ళు యోధుడిగా, రెండు లెవెళ్ళు దొంగగా పెరిగిన ఎల్ఫ్, కథలో ఎంతో సహజంగా ఉండే పాత్ర, కోత కట్టాలి. చాలా బల్లల దగ్గర ఈ జరిమానాను చూసీచూడనట్టు వదిలేశారంటే ఆశ్చర్యమేముంది.

ప్రెస్టీజ్ క్లాస్

మొదట్లో ఇది ఒక సంఘంలోనో సంప్రదాయంలోనో చేరినవాళ్ళకు దక్కే హోదా. ఆచరణలో గొయ్యి పూడ్చే మట్టి అయింది. 3.5లోని మిస్టిక్ థియర్జ్ మాంత్రికుడూ పూజారీ కలిసినవాడికి ప్రతి లెవెల్లో రెండు రకాల మంత్రాలూ పెంచుతుంది. మొదటి పెట్టె గీసిన గీత ఇలా చెరిగిపోయింది. ఎల్డ్రిచ్ నైట్ కత్తీ మంత్రమూ కలిపినవాడిది. ఒక లెవెల్ యోధుడు, ఐదు లెవెళ్ళ మాంత్రికుడు అయ్యాక అందులో చేరితే రెండూ దాదాపు పూర్తివేగంతో పెరుగుతాయి. చేరేదాకా ఐదారు లెవెళ్ళు ఓర్చుకోవాలి. డ్యూయల్ క్లాస్ మధ్యకాలం మళ్ళీ వచ్చింది, కాస్త మెత్తగా.

అసాసిన్ చరిత్ర ఈ మాటకు మంచి ఉదాహరణ. 1975లో ‘బ్లాక్‌మూర్’ అనుబంధంలో క్లాస్‌గా పుట్టాడు, 1978లో హ్యాండ్‌బుక్‌లోకెక్కాడు, 1989లో తొలగించారు, 2000లో ప్రెస్టీజ్ క్లాస్‌గా తిరిగొచ్చాడు, 2014లో దొంగకు సబ్‌క్లాస్ అయ్యాడు. వాడి వృత్తి మాత్రం అంతటా ఒకటే.

రోల్

2008 నాటి నాలుగో ఎడిషన్ ప్రశ్ననే తిప్పి అడిగింది. పోరాటంలో నీ పని ఏమిటి? దెబ్బలు కాచేవాడా, దెబ్బ కొట్టేవాడా, తోటివాళ్ళను నిలబెట్టేవాడా, మైదానాన్ని అదుపు చేసేవాడా? డిఫెండర్, స్ట్రైకర్, లీడర్, కంట్రోలర్ అన్నారు. ప్రతి క్లాస్ ఒక రోల్‌కు చెందుతుంది. మొదటి పుస్తకంలో ఎనిమిది క్లాసులు. బార్డ్, డ్రూయిడ్, మాంక్ లేరని పాతవాళ్ళు మండిపడ్డారు.

ఇక్కడ మల్టీక్లాస్ ఖరీదు ఫీట్‌లలో, అంటే లెవెళ్ళు పెరిగేకొద్దీ ఎంచుకునే అదనపు నేర్పులలో. యోధుడు ఆర్కేన్ ఇనీషియేట్ అనే ఫీట్ తీసుకుంటే మాంత్రికుడి చిన్న మంత్రం ఒకటి ఒక్కో పోరాటంలో ఒక్కసారి వాడుకోవచ్చు. ఆపైన 4, 8, 10 లెవెళ్ళ నుంచి దొరికే మరో మూడు ఫీట్‌లు ఖర్చుపెడితే తన శక్తులు మూడింటిని మాంత్రికుడివాటితో మార్చుకోవచ్చు. నాలుగు ఫీట్‌లకు మూడు మార్పిళ్ళు. గొయ్యి లేదు, కన్నం లేదు, ఎవరూ చెడిపోరు. ఎవరూ పెద్దగా సంబరపడనూ లేరు. ఆ కోరికకు ఈ ఎడిషన్ ఇచ్చిన నికరమైన జవాబు అదే ఏడాది ఫర్గాటెన్ రెల్మ్స్ పుస్తకంలో వచ్చిన స్వోర్డ్‌మేజ్: కత్తీ మంత్రమూ రెండూ పుట్టుకతోనే ఉన్న క్లాస్. 2010లో హైబ్రిడ్ నియమాలు కూడా చేర్చారు. రెండు సగం క్లాసులు అతికించుకోవచ్చు, అతుకు ఎలా ఉంటుందో ఎంచుకునేవాడి తెలివిని బట్టి.

నాలుగో ఎడిషన్‌ను తిట్టడం ఆటగాళ్ళకు అలవాటు. ధర సరిగ్గా కట్టిన ఎడిషన్ ఏదంటే మాత్రం నేను దీని పేరే చెబుతాను. సరిగ్గా కట్టిన ధరలో బేరం దొరకదు, బేరమే ఆటగాడికి ఇష్టం.

సబ్‌క్లాస్

2014 నాటి ఐదో ఎడిషన్ పన్నెండు క్లాసులతో వచ్చింది. ఒక్కో క్లాస్ లోపలా శాఖలు. కత్తీ మంత్రమూ కోరే యోధుడు ఇప్పుడు గడప దాటక్కర్లేదు. మూడో లెవెల్లో ఎల్డ్రిచ్ నైట్ శాఖ ఎంచుకుంటే చాలు. పేరు పాత ప్రెస్టీజ్ క్లాస్‌దే, ఓర్చుకోవలసిన కాలం మూడు లెవెళ్ళకు తగ్గింది, దక్కేదీ తగ్గింది: నాలుగో తరగతి మంత్రాలు 19వ లెవెల్లో గానీ రావు.

పూర్తి మల్టీక్లాస్ కూడా ఉంది, డంజన్ మాస్టర్ సరేనంటేనే. వదిలే క్లాస్‌కూ చేరే క్లాస్‌కూ ముఖ్యగుణాలు 13 ఉండాలి. 1974లో 16, 1978లో 17, ఇప్పుడు 13. నేర్పు కొద్దీ పాచికకు కలిపే ప్రొఫిషియెన్సీ బోనస్ క్లాస్‌ను చూడదు, మొత్తం లెవెల్‌ను చూస్తుంది. కాబట్టి 2000 నాటి గొయ్యి సగం పూడింది. ఐదు లెవెళ్ళ మాంత్రికుడు, ఐదు లెవెళ్ళ క్లెరిక్ కలిసినవాడికి పదో లెవెల్‌వాడి స్పెల్ స్లాట్‌లే, అంటే మంత్రాలు వేసే వంతులే, ఉంటాయి. ఐదో తరగతి స్లాట్ చేతిలో ఉంటుంది, వేయడానికి మాత్రం మూడో తరగతికి మించిన మంత్రం రాదు. పెద్ద సంచీ, చిన్న సరుకు. 2023లో వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’ ఈ ఎడిషన్ మీదే నడుస్తుంది. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో కూర్చుని ఆడే మన కుర్రాళ్ళు కొందరికి మల్టీక్లాస్‌తో తొలి పరిచయం దానివల్లే. అందులో 13 షరతు కూడా తీసేశారు. నచ్చకపోతే విథర్స్ అనే అస్థిపంజరానికి 100 బంగారు నాణేలిచ్చి అంతా మొదటినుంచి మార్చేసుకోవచ్చు.

డిప్ మాత్రం చావలేదు. క్లెరిక్, సార్సరర్, వార్లాక్‌లకు సబ్‌క్లాస్ మొదటి లెవెల్లోనే వచ్చేది. 2017లో ‘జనాథర్స్ గైడ్’, ఏదో ఒక శక్తితో ఒప్పందం చేసుకుని మంత్రాలు పొందే వార్లాక్‌కు హెక్స్‌బ్లేడ్ శాఖ ఇచ్చింది. అది మొదటి లెవెల్లోనే కత్తి దెబ్బను స్ట్రెంత్‌కు బదులు కరిజ్మాతో వేయనిస్తుంది. పాలడిన్ మంత్రాలకూ కరిజ్మాయే ఆధారం. ఒక్క లెవెల్ వార్లాక్ అయితే రెండు గుణాలు పెంచే భారం ఒక్కటైపోతుంది. దేవుడికి ప్రమాణం చేసిన ధర్మయోధుడు ఏదో చీకటిశక్తితో పక్కన ఇంకో ఒప్పందం చేసుకోవడం, అదీ అంకెల కోసం, బల్లల దగ్గర మామూలైపోయింది.

2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అన్ని క్లాసుల సబ్‌క్లాసులనూ మూడో లెవెల్‌కు జరిపింది. 2003లో రేంజర్‌కు చేసిన వైద్యమే, ఈసారి అందరికీ. ఒక్క లెవెల్‌కు వచ్చిపోయేవాళ్ళు ఇక శాఖ ముఖం చూడాలంటే మూడు కట్టాలి. అదే పుస్తకంలో వార్లాక్ మొదటి లెవెల్లోనే ఇన్వొకేషన్ అనే ప్రత్యేక శక్తి ఒకటి ఎంచుకుంటాడు. వాటిలో ప్యాక్ట్ ఆఫ్ ద బ్లేడ్ ఒకటి, దానితో కత్తి దెబ్బ కరిజ్మాతో వేయొచ్చు. పాలడిన్లు ఇప్పటికీ ఒక లెవెల్ అటు వెళ్ళివస్తున్నారు.